రాజ్‌పుత్ ఓడ అడుగున మా పెదనాయన

మొన్న కార్తీకంలో మా పెదనాయన కాలం చేశారు. పెద్దకర్మ నాడు భోజనాలు ముగిసి, చుట్టాలందరూ వసారాలో చాపలు పరుచుకుని కూర్చున్నప్పుడు, హైదరాబాదు నుంచి వచ్చిన మనవడొకడు, "తాత పాకిస్తాన్ సబ్‌మెరైన్‌ని ముంచిన ఓడలో పనిచేశాడంట గదా, ఆయనే ముంచాడా?" అని అడిగాడు. తలా ఒక కథ చెప్పారు. ఒకరు ఆయన చేత ఫిరంగి పేల్పించారు, మరొకరు ఆయన చేత దుర్భిణి పట్టించి ఓడ ముందు భాగాన నిలబెట్టారు. వింటున్నంతసేపూ నాకు కష్టంగా తోచింది. పెదనాయన నౌకాదళంలో ఉన్నన్నాళ్ళూ పనిచేసింది నీటిమట్టానికి దిగువన, బాయిలర్ల గదిలో. ఆ రాత్రి ఆయన సముద్రాన్ని చూడనే లేదు. ఆ సంగతి ఎవరు అడిగినా దాచకుండా చెప్పేవారు. ఆయన నాతో చెప్పినవి, చిన్నతనంలో నేను చూసినవి, ఆ ఓడను గురించి తర్వాత చదివి తెలుసుకున్నవి కలిపి ఆ పిల్లవాడి కోసం రాస్తున్నాను.

*

మా ఊరు కావలికి తూర్పున, బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ మధ్య ఉన్న ఇసుక నేలలో ఉంది. అప్పట్లో ఊరికి కరెంటు లేదు, కాలువ మీద వంతెన లేదు. పెదనాయన సెలవు మీద వస్తే విశాఖపట్నం నుంచి రైల్లో కావలి స్టేషన్లో దిగి, కాలువ దాకా ఏ బండి దొరికితే ఆ బండి ఎక్కి, అక్కడ పడవ దాటి, మిగిలిన దూరం నడిచి వచ్చేవారు. నెత్తిన నల్ల ఇనప పెట్టె పెట్టుకుని కాలువగట్టు దిగుతున్న ఆయనను ముందుగా గుర్తుపట్టేది కాలువలో పడవలు లాగేవాళ్ళు. సరుగుడు కట్టెలూ ఉప్పూ నింపిన పడవలు మద్రాసు వైపు పోతుండేవి. గాలి లేనప్పుడు ఇద్దరు మనుషులు నడుముకు మోకు కట్టుకుని గట్టు వెంబడి వంగి నడుస్తూ పడవను లాగేవారు. "పెద్దోడా, యుద్ధమోడ దిగొచ్చినావా?" అని వాళ్ళు గట్టు మీద నుంచే కేక పెడితే ఆ కేక ఊళ్ళోకి ఆయన కన్నా ముందు చేరేది. ఆ పడవలు ఇప్పుడు లేవు. చాలా చోట్ల కాలువే పూడిపోయి తుమ్మచెట్లు మొలిచాయి.

పెట్టె మూత తీయగానే మొదట కలరా ఉండల వాసన, దాని అడుగున నుంచి మరొక వాసన వచ్చేది. కిరసనాయిలుకు దగ్గరగా ఉన్నా దాని కన్నా బరువైన, గొంతులో జిగురుగా నిలిచే వాసన. బాయిలర్లలో మండించే ఫర్నేస్ ఆయిల్ వాసన అది. అవ్వ ఆయన బట్టలను కుంకుడుకాయల రసంలో ఒక రాత్రంతా నానబెట్టి, మర్నాడు చెరువు గట్టున బండ మీద ఉతికించినా ఆ వాసన పోయేది కాదు. ఆయన గోళ్ళ మొదట్లో నల్లని గీత ఒకటి ఉండేది. సెలవు ముగిసే దాకా అన్నం తినే ముందు కొబ్బరిపీచుతో దాన్ని రుద్దుకునేవారు, అయినా గీత గీతలాగే ఉండేది. మా పెదమ్మ అది చూసి ఒక్కొక్కసారి ముఖం అటు తిప్పుకునేది.

నౌకాదళంలో ఆయన చేరింది పిల్లవాడుగా. విశాఖపట్నంలోని ఐ.ఎన్.ఎస్. సర్కార్స్‌లో కుర్రవాళ్ళకు శిక్షణ ఇచ్చేవారు, తర్వాత యంత్రాల పని నేర్చుకోవడానికి లోనావ్లాలోని ఐ.ఎన్.ఎస్. శివాజీకి పంపారు. అక్కడి నుంచి స్టోకరుగా బయటికి వచ్చారు. ఓడలోని బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు స్టోకరు. పూర్వం బొగ్గు ఎత్తిపోసేవాళ్ళకు ఆ పేరు ఉండేదట, బొగ్గు పోయి నూనె వచ్చినా పేరు నిలిచింది.

*

బాయిలర్ల గది అంటే ఏమిటో నాకు ఆయన వంటింటి పంపు స్టవ్ ముందు కూర్చోబెట్టి చెప్పారు. అవ్వకు ఆ స్టవ్ అంటే భయం, పెదనాయన వచ్చినప్పుడే దాన్ని అటక మీది నుంచి దించేవారు. ముందు స్పిరిటు పోసి తల వేడెక్కించి, తర్వాత పంపు కొడుతూ, మంట నీలంగా మారి హోరుమనే దాకా ఆయన దాని మీద నుంచి చూపు తిప్పేవారు కాదు. చూపు కన్నా చెవి ముఖ్యమనేవారు. "ఇను అబ్బయా. ఇప్పుడు గాలి చాల్లా. ఇప్పుడెక్కువైంది. ఇదిగో, ఇదీ సరైన మోత," అని చిన్న సూదితో స్టవ్ ముక్కు శుభ్రం చేసి మళ్ళీ వెలిగించి వినిపించేవారు. ఓడలో ఉన్న బాయిలరుకు ఇటువంటి ముక్కులు వరుసగా ఉంటాయి, వాటిని స్ప్రేయర్లంటారు. నూనెను ముందు వేడి చేసి పలచన చేస్తారు, ఒత్తిడితో స్ప్రేయరులోకి పంపితే అది పొగమంచులా చిమ్మి లోపల మండుతుంది. ఓడ నిదానంగా పోయేటప్పుడు కొన్ని స్ప్రేయర్లు, వేగం పెంచమంటే మరికొన్ని, పూర్తి వేగం అంటే అన్నీ వెలగాలి. ఆ పెంచడం తగ్గించడం మనిషి చేతులతో జరగాలి, అదీ పైనుంచి ఆజ్ఞ వచ్చిన క్షణాల్లో. గాలి తక్కువైతే పొగగొట్టం లోంచి నల్లటి పొగ లేచి ఓడ ఎక్కడున్నదో శత్రువుకు చెప్పేస్తుంది. గాలి ఎక్కువైతే తెల్లటి పొగ వస్తుంది. రెంటిలో ఏది వచ్చినా పైనుంచి ఫోనులో తిట్లు వస్తాయి.

ఆ గదిలోకి గాలిని పెద్ద ఫ్యాన్లతో నింపి బయటి కన్నా ఎక్కువ ఒత్తిడిలో ఉంచేవారు. అందువల్ల లోపలికి దిగాలంటే రెండు తలుపులు దాటాలి. మొదటి తలుపు మూసిన తర్వాతే రెండోది తీయాలి. రెండూ ఒకేసారి తెరుచుకుంటే గదిలోని ఒత్తిడి పడిపోయి, బాయిలరులోని మంట వెనక్కి తన్ని మనుషుల మీదికి వస్తుంది. పెదనాయన మా ఇంట్లో కూడా ఒక తలుపు మూశాకే రెండో తలుపు మీద చెయ్యి వేసేవారు. ఆ అలవాటు ఆయనకు చివరి దాకా పోలేదు. నాలుగు గంటల డ్యూటీ ముగించి పైకి వచ్చినప్పుడు బట్టలు పిండితే నీళ్ళు కారేవనీ, ఉప్పు కలిపిన నిమ్మరసం గ్లాసుల కొద్దీ తాగేవాళ్ళమనీ, పైన గాలి తగిలితే మండు వేసవిలో కూడా వణుకు పుట్టేదనీ చెప్పేవారు. ఫ్యాన్ల హోరులో మాటలు వినపడవు గనుక సైగలతోనే పని జరిగేది. ఆ వరసలో ఆయనకు చెవుడు కూడా వచ్చింది. నడివయస్సులోనే మేము ఆయనతో గట్టిగా మాట్లాడడం అలవాటు చేసుకున్నాము.

*

ఆ రాజ్‌పుత్ ఓడ పుట్టింది మన కోసం కాదు. స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్‌లో, క్వీన్ మేరీ, క్వీన్ ఎలిజబెత్ అనే మహానౌకలను కట్టిన జాన్ బ్రౌన్ కంపెనీ దాన్ని రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో బ్రిటిష్ నౌకాదళానికి కట్టింది. 1941 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టి 1942 మార్చి 21న నీటిలోకి దించారు. పేరు రోథర్‌హాం. పొడవు 358 అడుగులు, నాలుగు 4.7 అంగుళాల ఫిరంగులు, ఎనిమిది టార్పెడో గొట్టాలు, రెండు బాయిలర్లు, వాటి ఆవిరితో తిరిగే టర్బైన్ల బలం 40,000 హార్స్‌పవర్. వేగం 36 నాట్లు, అంటే మన లెక్కలో గంటకు అరవయ్యారు కిలోమీటర్ల పైమాట. ఒక దళంలోని డిస్ట్రాయర్లు అనే వేగమైన యుద్ధనౌకలకు ముందు నడిచే నాయక నౌకగా దాన్ని తయారు చేశారు.

అది నీళ్ళలోకి దిగిన పదహారో రోజున, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పెదనాయన అప్పటికి ఒళ్ళో బిడ్డ. ఆ నెలలోనే మద్రాసు ఖాళీ చేసి జనం దొరికిన బండిలో దొరికినట్టు ఉత్తరానికీ పడమరకూ తరలిపోయారు. అవ్వ ఆ సంగతులు ఎన్నోసార్లు చెప్పేది. కాలువ పడవల్లో కట్టెలకు బదులు మనుషులు ఎదురు వచ్చారనీ, పట్నం ఆడవాళ్ళు ఇత్తడి బిందెలూ దేవుడి పటాలూ పొదివి పట్టుకుని మా ఊరి సరుగుడు తోపులో రాత్రుళ్ళు ఉన్నారనీ, తాత వాళ్ళకు వరిగడ్డి ఇప్పించి పందిళ్ళు వేయించాడనీ చెప్పేది. సముద్రం మీద ఎక్కడ దీపం కనిపించినా జపానువాడే వస్తున్నాడని ఊరంతా వణికిపోయేది. తన చంకలో ఉన్న ఆ పిల్లవాడు ముప్పై ఏళ్ళకు ఇదే సముద్రం మీద అటువంటి ఓడలోనే యుద్ధానికి పోతాడని అప్పుడు ఆమెకు ఎవరు చెప్పగలరు?

రోథర్‌హాం మాత్రం మన సముద్రాల్లోకి ఆ యుద్ధంలోనే వచ్చింది. బ్రిటిష్ వారి తూర్పు నౌకాదళంలో చేరి హిందూ మహాసముద్రంలో తిరిగింది, సుమత్రా తీరంలోని జపాను స్థావరాల మీద జరిగిన దాడుల్లో పాల్గొంది. 1945 సెప్టెంబరులో జపాను లొంగిపోయాక సింగపూరు నౌకాస్థావరాన్ని తిరిగి చేతిలోకి తీసుకున్నప్పుడు అక్కడికి చేరింది. ఆ స్థావరంలోని ఒక ద్వారానికి ఈ ఓడ పేరే పెట్టారు. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వారికి ఇన్ని ఓడలతో పని లేకపోయింది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన మన దేశం 1949లో రోథర్‌హాంనూ, అదే తరగతికి చెందిన రెడౌట్, రైడర్ అనే మరి రెండింటినీ కొనుక్కుంది. రోథర్‌హాం రాజ్‌పుత్ అయింది. మిగిలినవి రంజిత్, రాణా అయ్యాయి. మన నౌకాదళానికి మొదటి డిస్ట్రాయర్లు ఈ మూడే.

పెదనాయన రాజ్‌పుత్‌లోకి వెళ్ళేసరికి దానికి పాతికేళ్ళు దాటాయి. యంత్రాల మీద ఇంగ్లీషులో పోతపోసిన ఇత్తడి పలకలు ఉండేవని, వాటిని వారానికొకసారి తోమి మెరిపించాలని చెప్పేవారు. ఆవిరి గొట్టాలు కారితే ఎక్కడ కారుతున్నదో కళ్ళకు కనిపించదట. బాగా వేడెక్కిన ఆవిరి పొగలా కాక గాలిలా బయటికి వస్తుంది, చెయ్యి అడ్డం పెడితే కోసేస్తుంది. అందుకని ఒక చీపురుకట్టను గొట్టాల వెంబడి మెల్లగా జరుపుకుంటూ పోయేవారు. ఎక్కడ పుల్లలు తెగిపడితే అక్కడ కారుతున్నట్టు. ముసలి ఓడ గనుక ఆ చీపురుతో పని తరచుగా పడేది. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో విసుగు ఉండేది కాదు, ముసలి తల్లికి సేవ చేసిన కొడుకు మాట్లాడినట్టు ఉండేది.

*

1971 డిసెంబరు నాకు బాగా గుర్తుంది. అంతకు ముందు నెలల్లోనే బెంగాలు శరణార్థుల మాట, యుద్ధం మాట రేడియోలో వినపడుతూ ఉండేవి. ఊరికంతటికీ పంచాయతీ ఆఫీసులో బ్యాటరీ రేడియో ఒకటి ఉండేది. పొద్దుగూకితే దాని ముందు జనం ఇసుకలో కూర్చునేవారు. ఆ మూడో తేదీ సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పడమటి సరిహద్దులోని మన స్థావరాల మీద పడ్డాయి, అర్ధరాత్రి దాటాక ఇందిరా గాంధీ రేడియోలో మాట్లాడారు. మాకు తెలిసింది మర్నాడు పొద్దున. పెదమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. అవ్వ మాత్రం లేచి దేవుడి గూట్లో దీపం వెలిగించి, వెంటనే ఏదో గుర్తుకు వచ్చినట్టు ఆర్పేసింది. తీరం పొడుగునా దీపాలు కనపడకూడదని అప్పటికే దండోరా వేశారు. లాంతరు గాజు చిమ్నీలకు మేము పాత పేపర్లు అంటించాము. చేపల కోసం వెళ్ళే పట్టపువాళ్ళు రాత్రిపూట తెప్పలు దించడం మానుకున్నారు. అలివి వల లాగే పాటలు కూడా కొన్నాళ్ళు వినపడలేదు.

మా ఇంట్లో ఉత్తరాలు రాసే పని నాది. ఇన్‌లాండ్ కవరు మీద పెదనాయన పేరు, నంబరు, ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీసు అని రాసేవాడిని. ఊరి పేరు ఉండదేమని అవ్వ ప్రతిసారీ అడిగేది. ఓడకు ఊరేముంటుందని పెదమ్మ జవాబు చెప్పేది. ఆ నెల ఉత్తరం రాలేదు, మనియార్డరు రాలేదు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని విశాఖపట్నం దగ్గర మనవాళ్ళు ముంచారని రేడియోలో చెప్పినప్పుడు ఊరు ఊరంతా కేకలు వేసింది. ఆ సంతోషం పట్టుమని పది రోజులు నిలవలేదు. అరేబియా సముద్రంలో డయ్యూ దగ్గర మన ఖుక్రీ ఓడ టార్పెడో దెబ్బకు మునిగిపోయిందని తెలిసింది. డిసెంబరు 9 రాత్రి జరిగిన ఆ ప్రమాదంలో 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడవకుండా దానితోనే మునిగిపోయారు. మా ఊళ్ళో ఈ వివరాలేవీ ముందు చేరలేదు. "మన ఓడొకటి మునిగిందంట" అన్న మాట ఒక్కటే కాలువ దాటి వచ్చింది. పెదమ్మ ఆ రెండు రోజులూ అన్నం ముట్టలేదు. పోస్టుమ్యాను సైకిలు కాలువ అవతల కనిపిస్తే తలుపు వేసుకునేది. మునిగింది రాజ్‌పుత్ కాదని ఎవరో కావలి వెళ్ళి పేపరు తెచ్చి చూపించిన తర్వాత, మునిగిన ఓడ పేరు రాసి ఉన్న చోట వేలు పెట్టి చూపించమని నన్ను అడిగింది. ఆమెకు చదువు రాదు. ఖుక్రీ అన్న మాట మీద నేను వేలు పెట్టాను. దాన్నే చూస్తూ, "ఈళ్ళకీ ఇళ్ళల్లో ఎవురో ఒకరుంటారు గదా," అని ఏడ్చింది.

*

విశాఖపట్నం దగ్గర జరిగినదేమిటో ఇప్పుడు చాలా మందికి స్థూలంగా తెలుసు. ఇప్పటి బంగ్లాదేశ్ అయిన తూర్పు పాకిస్తాన్‌ను సముద్రం వైపు నుంచి దిగ్బంధం చేయడానికి మనకు ఉన్న పెద్ద బలం విమానవాహక నౌక విక్రాంత్. దాన్ని వెతికి ముంచడానికే పాకిస్తాన్ ఘాజీని నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరదీసింది. బంగాళాఖాతం దాకా రాగల శక్తి వాళ్ళ సబ్‌మెరైన్లలో దానికొక్కదానికే ఉండేది. తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్ దీవులకు పంపించి, అది విశాఖపట్నంలోనే ఉన్నట్టు శత్రువును నమ్మించారు. ఊళ్ళోని కాంట్రాక్టర్ల దగ్గర మాంసం, కూరగాయలు అంత పెద్ద ఓడకు సరిపోయే మోతాదులో కొనిపించారు. అప్పటికే సేవ నుంచి తప్పించబోతున్న రాజ్‌పుత్‌ను సముద్రంలోకి పంపి, అక్కడి నుంచి వైర్‌లెస్ సందేశాలను విక్రాంత్ మోతాదులో పంపేటట్టు ఏర్పాటు చేశారు. ముసలి డిస్ట్రాయరు కొన్నాళ్ళపాటు విక్రాంత్ వేషం కట్టింది.

పెదనాయన ఈ కథలో ఎప్పుడూ బాయిలర్ల దగ్గరే ఆగేవారు. విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులు రావడం వల్ల దాని వేగం బాగా తగ్గిపోయిందని, విమానాలు ఎగరడానికి ఎదురుగాలి కావాలి గనుక ఓడ వేగం తగ్గితే విమానాలు ఎగిరే వీలు కూడా తగ్గుతుందని, అటువంటి ఓడను శత్రువు సబ్‌మెరైను కంటపడనీయకుండా దాచవలసి వచ్చిందని ఆయన ఎంతో శ్రద్ధగా వివరించేవారు. ఆ పగిలిన బాయిలరు పెట్టుకునే విక్రాంత్ డిసెంబరు 4న తన సీహాక్ విమానాలను కాక్స్ బజారు మీదికి, ఆ తర్వాత చిట్టగాంగు మీదికి పంపింది. "మిగతా మూడిట్నీ ఆ రోజుల్లో నిలబెట్టినోళ్ళకి దణ్ణం పెట్టాల," అనేవారు. ఆయన దణ్ణం పెట్టింది విమానాలు నడిపినవాళ్ళకు మాత్రమే కాదని మాకు అర్థమయ్యేది.

నాకు మరొక సంగతి తర్వాత చదివినప్పుడు తట్టింది. ఘాజీ కూడా పాత యుద్ధం కోసం కట్టినదే. 1944 చివర అమెరికాలో డియాబ్లో అన్న పేరుతో నీటిలోకి దిగి, 1964లో పాకిస్తాన్‌కు చేరింది. విక్రాంత్ కూడా బ్రిటిష్ వారు హెర్క్యులిస్ పేరుతో ఆ యుద్ధం కోసమే మొదలుపెట్టి సగంలో వదిలేసిన ఓడ. మరెవరి యుద్ధం కోసమో మరెక్కడో కట్టిన మూడు ఓడలు పాతికేళ్ళ తర్వాత వేరే పేర్లతో, వేరే మనుషులతో మన బంగాళాఖాతంలో ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి.

మూడో తేదీ రాత్రి అర్ధరాత్రికి ముందు రాజ్‌పుత్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రేవు విడిచింది. రేవు దాటించే పైలట్ దిగిపోయిన తర్వాత, బయట సబ్‌మెరైన్ పొంచి ఉండవచ్చునన్న అనుమానంతో కెప్టెను పూర్తి వేగానికి ఆజ్ఞ ఇచ్చారు. కొద్దిసేపటికి ముందు భాగాన నీళ్ళు కలవరపడుతున్నట్టు కాపలా మనిషి చూసి చెప్పాడు. ఓడ అటువైపు దూసుకుపోయి నీళ్ళ లోతుకు దిగి పేలే డెప్త్ చార్జీలు రెండు వేసింది. అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు సముద్రంలో పెద్ద పేలుడు జరిగి తీరాన ఇళ్ళ కిటికీ అద్దాలు పగిలాయి. తెల్లవారాక చేపలు పట్టేవాళ్ళు నీటి మీద నూనె తెట్టునూ తేలుతున్న వస్తువులనూ చూసి తెచ్చి ఇచ్చారు.

ఆ రాత్రిని గురించి పెదనాయన చెప్పింది ఇంత మాత్రమే. ఆయన మాటల్లోనే రాస్తాను.

"నాకేం తెలుసబ్బయా? గంట మోగింది, ఫుల్ స్పీడన్నారు. ఉన్న స్ప్రేయర్లన్నీ పెట్టినాం. పాత బాయిలరు, తట్టుకుంటదో లేదోనని నా చూపంతా గేజి మీదుండాది. కాసేపటికి వెనకమాల నించి రెండు దెబ్బలు, సమ్మెటతో ఓడని కొట్టినట్టు. పైనించి మసి రాలింది. గేజి ముల్లు ఊగింది. నీళ్ళమట్టం చూపించే అద్దం పగిలిందేమోనని తడిమి చూసుకున్నా, పగల్లా. అంతే. ఆ తర్వాత ఇంకో పెద్ద మోత ఇన్నామని పైనున్నోళ్ళు చెప్పినారు. ఫ్యాన్ల హోరులో నాకది ఇనపళ్ళా."

ఘాజీని ముంచింది రాజ్‌పుత్ డెప్త్ చార్జీలేనని మన నౌకాదళం చెప్పింది. సబ్‌మెరైన్ లోపల జరిగిన పేలుడు వల్లనో, తాను పరచిన మందుపాతర మీదికి తానే వెళ్ళడం వల్లనో మునిగిందని పాకిస్తాన్ వారు అంటారు. మనవారిలో కూడా ఈ విషయం మీద వాదాలు నడిచాయి. మా ఊళ్ళో రచ్చబండ దగ్గర ఎవరైనా ఈ వాదం ఎత్తితే పెదనాయనకు నచ్చేది కాదు. "మాకు చెప్పిన ఏగం మేమిచ్చినాం," అని అక్కడి నుంచి లేచిపోయేవారు. ఆ మాటలో గర్వం ఉన్నదనే నేను నమ్ముతున్నాను, చాలా పెద్ద గర్వం. పొగగొట్టంలో నల్లపొగ లేవకుండా, ముప్పై ఏళ్ళ నాటి బాయిలర్లతో, అడిగిన క్షణాన అడిగినంత ఆవిరి ఇవ్వడం చిన్న పని కాదు. కాకపోతే ఆయన దానికి మించి ఒక్క అడుగు వేయలేదు.

*

ఆ యుద్ధం ఢాకాలో డిసెంబరు 16న ముగిసింది. పెదనాయన సంక్రాంతి వెళ్ళాక సెలవు మీద వచ్చారు. ఊరివాళ్ళు కాలువ దగ్గరికి మేళం తీసుకుపోయారు. మెడలో బంతిపూల దండ వేసి, ఎడ్లబండి మీద కూర్చోబెట్టి, "ఘాజీని ముంచిన మొనగాడు" అని అరుస్తూ వీధులన్నీ తిప్పారు. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా నాయన, "అన్నా, ఆ సబ్‌మెరైన్లో ఎంత మంది ఉన్నారు?" అని అడిగారు. తొంభై మందికి పైనే ఉన్నారని, ఒక్కరూ బతకలేదని పెదనాయన చెప్పి, కాసేపు ఆగి, "ఆళ్ళల్లో కూడా ఇంజన్ల కాడోళ్ళుంటారు. నాలాగా కిందుండేవోళ్ళు. ఆళ్ళకి పైనేం జరగతుండాదో తెలిసుండదు," అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. అవ్వ లేచి ఆయన విస్తట్లో మజ్జిగ పోసింది. యుద్ధంలో గెలిచి వచ్చిన మనిషి ఇంటి ఎదుట మేళం ఇంకా మోగుతూనే ఉంది.

చాలా ఏళ్ళ తర్వాత, నేను ఉద్యోగంలో కుదురుకున్నాక, ఆయనను విశాఖపట్నం తీసుకువెళ్ళాను. రామకృష్ణా బీచ్‌లో 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం ముందు స్కూలు పిల్లలు బారులు తీరి ఉన్నారు. పెదనాయన స్మారకం కన్నా సముద్రం వైపే ఎక్కువ చూశారు. ఘాజీ ఇప్పటికీ ఆ తీరానికి దగ్గరలోనే అడుగున పడి ఉంది. పిల్లలకు మాస్టారొకరు యుద్ధం కథ చెబుతుంటే పక్కన నిలబడి విన్నారు. మాస్టారు బాగానే చెప్పారు. పిల్లలు కదలబోతుండగా పెదనాయన ముందుకు జరిగి, చేతులు కట్టుకుని, ఒక్క సంగతి చెప్పవచ్చునా అని ఆయనను అనుమతి అడిగారు. తర్వాత ఆ పిల్లలకు స్ప్రేయరు గురించి, రెండు తలుపుల గురించి, చీపురుకట్ట గురించి చెప్పారు. ఒక పిల్ల, "మీకు భయం వేయలేదా తాతా?" అని అడిగింది. వేసిందని చెప్పారు. గొట్టం పగిలితే పైకి పోవడానికి ఒక నిచ్చెన మాత్రమే ఉంటుందనీ, డ్యూటీ ఎక్కగానే కళ్ళు మూసుకుని ఆ నిచ్చెన ఎక్కడున్నదో చేత్తో తడిమి గుర్తుపెట్టుకునేవాళ్ళమనీ చెప్పారు. మా ఇంట్లో ఎవరికీ ఆయన అప్పటిదాకా ఈ నిచ్చెన సంగతి చెప్పలేదు.

*

ఆ పాత రాజ్‌పుత్ 1976లో సేవ ముగించింది. పెదనాయన అప్పటికి వేరే ఓడకు మారారు. నాలుగేళ్ళ తర్వాత, 1980 మే 4న, సోవియట్ యూనియన్‌లో కట్టించిన కొత్త డిస్ట్రాయరు అదే పేరుతో మన నౌకాదళంలో చేరింది. శ్రీలంకకు మన శాంతిసేన వెళ్ళినప్పుడూ, 1988లో మాల్దీవుల్లో తిరుగుబాటును అణచడానికి మనవాళ్ళు వెళ్ళినప్పుడూ అది పనిచేసింది. బ్రహ్మోస్ క్షిపణిని మోసిన మొదటి నౌక కూడా అదే. నలభై ఒక్క ఏళ్ళు సేవ చేసి 2021 మే 21న విశాఖపట్నంలోనే జెండా దించుకుంది. కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న రోజులు గనుక ఆ కార్యక్రమం కొద్దిమందితోనే జరిగింది.

పెదనాయన అప్పుడు కావలిలో కొడుకు దగ్గర ఉన్నారు, నేను నెల్లూరులో ఉన్నాను. ఫోటోలు ఫోనులో చూపించి, వీడియో కాల్‌లో గట్టిగా అరుస్తూ వివరాలు చెప్పాను. దానికి బాయిలర్లు ఎన్ని అని అడిగారు. బాయిలర్లు లేవు, గ్యాస్ టర్బైన్లతో నడుస్తుందని చెప్పాను. ఆవిరే లేదా అని రెండుసార్లు అడిగారు. లేదన్నాను. చాలా తక్కువ సమయంలో పూర్తి బలం అందుకోగలవని కూడా చెప్పాను. "అట్టయితే మంచిదే," అన్నారు. తర్వాత, "ఒక కాయితం పెన్ను తీసుకో," అన్నారు.

ఆ రాత్రి తనతో పాటు బాయిలర్ల గదిలో డ్యూటీలో ఉన్నవాళ్ళ పేర్లను ఒక్కొక్కటిగా చెప్పి రాయించారు. ఎక్కడ ఎవరు నిలబడ్డారో కూడా చెప్పారు: ఈయన స్ప్రేయర్ల దగ్గర, ఈయన ఫ్యాను దగ్గర, ఈయన నీళ్ళ పంపు దగ్గర, ఆ కుర్రవాడు నూనె వేడి చేసే చోట. పేరు పక్కన ఊరు రాయమన్నారు. ఒకరిది రోహతక్, ఒకరిది కొల్లం, ఒకరిది భీమునిపట్నం, ఒకరిది సాసారాం. స్మారకాల మీద వీళ్ళ పేర్లు లేవు, పుస్తకాల్లో లేవు, ఉండవలసినవాళ్ళని నేను ఇప్పుడు గట్టిగా అంటున్నాను. ఆయన ఆ మాట అనలేదు, రాసుకోమని మాత్రమే అన్నారు. రాసింది తిరిగి చదివి వినిపించమన్నారు. ఒక పేరు స్పెల్లింగు దగ్గర నన్ను ఆపి దిద్దించారు. ఇద్దరి ఊళ్ళు మాత్రం ఎంత ఆలోచించినా ఆయనకు జ్ఞాపకం రాలేదు, ఆ చోటు ఖాళీగా వదిలి ఉంచమన్నారు. మర్నాడు పొద్దున్నే ఆయనే ఫోను చేసి ఆ రెండూ చెప్పారు. ఒకటి రత్నగిరి, రెండోది బరంపురం.